రేకు లోపలి గీతలు

మార్చి 4, మంగళవారం

కార్ఖానాకి కొత్త తాళం వేశాడు. నాన్నని మట్టిలో పెట్టి మూడు వారాలు కూడా కాలేదు.

పొద్దున ఎప్పట్లాగే ఏడింటికి వెళ్ళాను. నా తాళంచెవి పట్టే కన్నమే లేదు. వందేళ్ళ ఒడుమ్ కర్ర తలుపు, దాని మందంలో తొలిచి దించిన ఇత్తడి మార్టిస్ తాళం, అయిదు లీవర్లది. దాన్ని ఊడబెరికి, ఆ తొర్రని ఉలితో ఎలుకలు కొరికినట్టు పెద్దది చేసి, అట్టపెట్టెలో వచ్చే తెల్లరేకు తాళం ఒకటి కుక్కారు. సందుల్లో ఏదో లప్పం మెత్తారు. పాతదానికి పోయింది ఒక్క స్ప్రింగు. నాకు అరగంట పని. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు.

ఎదురింటి మెట్ల మీద కూచుని పందుంపుల్ల నములుతున్నాడు ఎబో. మేనత్త కొడుకు. ఆ ఎదురిల్లు వాళ్ళ కుటుంబానిది. నాన్నకి వారసుడట ఇప్పుడు.

"ఏంటి బావా ఇది?"

"తాళం."

"తాళమని నాకు చెప్తావా? లోపల నా పనిముట్లున్నాయి."

"మామయ్య పనిముట్లు."

"ఇరవై ఏళ్ళుగా ఎవరి చేతుల్లో ఉన్నాయవి?"

"చేతులు నీవే, కాదన్నానా? సుత్తి మామయ్యది. మామయ్యవి మేనల్లుడికి. ఈ ఆచారం నేను పుట్టించానా అరబా? నలభై రోజుల కూడికలో పెద్దలేం చెబితే అది. అందాకా తాళం ఉంటుంది." పుల్ల తీసి ఉమ్మేసి మళ్ళీ అన్నాడు, "మామయ్యలాంటి మనిషి ఇక పుట్టడు."

చచ్చినోడి కళ్ళు చారెడు. ఆసుపత్రిలో నాన్న నాలుగు నెలలున్నాడు. వీడు వచ్చింది రెండుసార్లు, అందులో ఒకసారి ఫోను చార్జి పెట్టుకోడానికి.

తండ్రికి శవపేటిక కొనాల్సింది పిల్లలే. కొన్నాను. దాని పిడులు కూడా నేనే బిగించాను. అప్పుడు మాత్రం నేను కూతుర్ని.

మార్చి 5

వీడి మొహం మండ.

మార్చి 7, శుక్రవారం

కుటుంబ పెద్ద ఆంపా తాత పిలిపించాడు. నాన్న తరఫువాళ్ళు ఆరుగురు, అందరూ మగవాళ్ళే. మూలగా కుర్చీలో ఎకువా అత్త. నాన్నకి తోడబుట్టినది ఈవిడొక్కతే. ఆవిడ పక్కన ముద్దుల కొడుకు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ కొట్టు కుటుంబానిది కాదు, నాన్న కష్టార్జితం. పదకొండేళ్ళ కిందట, ఆగస్టులో, అత్త ముందూ చేపల క్వాన్సా ముందూ "ఈ కార్ఖానా అరబాది" అని నోటితో అన్నాడు.

తాత గొంతు సవరించుకున్నాడు. "అన్నాడు సరే. మరి నువ్వు అసేడా సీసా పెట్టావా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నాడు.

"చూడమ్మా, బతికుండగా తండ్రి బిడ్డకి ఏదైనా ఇస్తే, బిడ్డ జిన్ను సీసా తెచ్చి సాక్షుల ముందు పెట్టి దణ్ణం పెట్టాలి. సాక్షులు తలా గుక్క తాగాలి. అప్పుడది ఇచ్చినట్టు. సీసా లేకపోతే అది వట్టి మాట, గాలికి పోతుంది. నీకు తెలియనిది కాదు."

"పెట్టాను," అన్నాను.

"ఎవరు తాగారు?"

"క్వాన్సా. అత్త."

క్వాన్సా పోయి ఆరేళ్ళయింది. అందరూ అత్త వైపు చూశారు. అత్త నేల చూపులు చూసింది. ఒక్క ముక్క, ఒక్క 'ఊ' కూడా అనలేదు. ఎనభై రెండేళ్ళ మనిషికి నోట్లో నాలుక లేదా? నేను చిన్నప్పుడు కూరలో ఉప్పు ఎక్కువైందని వీధంతా వినపడేలా తిట్టిన నోరే కదా అది!

"నలభై రోజుల కూడికలో తేలుద్దాం," అన్నాడు తాత.

సీసా పెట్టాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. పెట్టాను.

మార్చి 8

పెట్టాను కాబట్టే పెట్టానన్నాను.

మార్చి 11, మంగళవారం

మంగళవారం సముద్రానికి విశ్రాంతి, వేటకి పోకూడదు. పడవలన్నీ ఒడ్డునే. అందుకే బజారులో మనుషులెక్కువ, నన్ను చూసి జాలిపడే మొహాలెక్కువ. జాలి ఎవడిక్కావాలి?

అరువు తెచ్చిన స్క్రూడ్రైవరుతో, మా వంటింటి కత్తితో, టీచరు బెంటమ్ గారి వీధి తలుపు తాళం బాగుచేశాను. అందులో లీవరు ఒకటి అరిగింది. ఆకురాయి లేదు. సిమెంటు గట్టు మీద అరగదీశాను, చెయ్యీ అరిగింది. నా ఆకురాళ్ళు పద్నాలుగు కార్ఖానా గోడకి వేలాడుతున్నాయి, వరసగా, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. ఊళ్ళో సగం ఇళ్ళ లీవర్ల నమూనాలు అట్టముక్కల మీద గీసి ఆ సొరుగుల్లోనే ఉన్నాయి. ఎబోకి అవి చెత్త. ఫోన్లు అమ్మేవాడికి అద్దెకిస్తాడట. కూడిక అయిన సోమవారమే ఖాళీ చేయిస్తాడట. చెత్తబండి కూడా మాట్లాడి పెట్టాడట.

టీచరు తాళం రేకు విప్పితే లోపల నాన్న గీతలు. ఎక్కడ తాళం విప్పినా అంతే. బాగుచేసిన ప్రతిసారీ రేకు లోపలి వైపు మేకుతో తేదీ గీసేవాడు, పక్కనే ఏం పుచ్చుకున్నాడో. 'చేపలు'. 'పెండలం రెండు'. 'తర్వాత ఇస్తానంది'. ఇంటివాళ్ళకి అవి ఉన్నాయని కూడా తెలియదు. మళ్ళీ విప్పేవాడికి తప్ప కనపడవు. విప్పేది నేనే కదా.

నేను కూడా గీశాను, టీచరిచ్చిన మొక్కజొన్న ముద్దలు: 'కెంకే నాలుగు'. రేకు మూసేశాను.

ఇంటికి వస్తే అమ్మ నల్లబట్టలో గుమ్మంలో కూచుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"నీకు ఇరవై ఉన్నప్పుడు ఎబోని చేసుకోమన్నారు. మేనత్త కొడుకు, వరస కుదిరింది. చేసుకునుంటే ఈపాటికి ఆ కార్ఖానా నీదీ వాడిదీ అయ్యేది."

"ఆ పుల్ల నమిలే మొహాన్నా?"

"పళ్ళు బావుంటాయి కదే."

థూ. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కోపంలో ఉన్నప్పుడు నన్ను నవ్వించే హక్కు ఎవరికీ లేదు.

కోర్టుకి పోదామన్నాను. పిల్లలకి వాటా ఇచ్చే చట్టం ఉంది. అమ్మ మిరపకాయల చేత్తోనే నా కాళ్ళు పట్టుకుంది. "నా మొగుడి వాళ్ళని కోర్టుకీడ్చి నేనింకెలా తిరగనే ఈ ఊళ్ళో?" రాత్రి దాకా కాళ్ళు మండాయి.

మార్చి 14

ఎదురింటి గదులన్నిటికీ పాత తాళాలు ఊడబీకించాడు. తొమ్మిది తలుపులు. అత్త గది కూడా. మామ సొమ్ము, అల్లుడి సోకు. సుత్తి దెబ్బలు ఇక్కడికి వినపడుతున్నాయి. ఒక్కో దెబ్బా నా దవడ మీద పడుతున్నట్టుంది.

మార్చి 16, ఆదివారం

చర్చిలో అత్త నా ముందు వరసలో కూచుంది. వెనక్కి తిరగలేదు. నేను కూడా ఆవిడ మెడ వెనక ముడతల్ని చూస్తూ పాట పాడలేదు.

పాస్టరు క్షమ గురించి మాట్లాడాడు. వాళ్ళింటి తాళం పాడైతే చూద్దాం.

మార్చి 20, గురువారం

అత్త గదిలో ఇరుక్కుపోయింది. కొత్త తాళం. పిడి తిప్పితే వట్టినే గిరగిరా తిరుగుతోంది, గడియ నాలుక లోపలికి రావడం లేదు. కిటికీకి ఇనప కమ్మీలు. ఎబో ఫోన్ చేశాడు.

"ఒకసారి రా అరబా. అమ్మ లోపలుంది."

"తాళం వేసినవాణ్ణి పిలు."

"వాడు ఫోనెత్తట్లేదు."

పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

పైఅంతస్తులో ఎబో చేతిలో గునపం. తలుపు అంచున అప్పటికే ఒక చెక్క లేపాడు.

"దాన్ని కింద పెట్టు."

"అమ్మ లోపల..."

"కింద పెట్టమన్నానా! ముందు మీ అమ్మ మీద పడుతుంది తలుపు, తర్వాత నీ తల మీద ఆ గునపం పడుతుంది. పో, వంటింట్లోంచి నూనె పట్రా. పామాయిల్ కాదు, పల్చటిది. లేకపోతే కొనుక్కురా."

నూనె అవసరమే లేదు. వాణ్ణి కళ్ళముందు నుంచి పంపించాలి, అంతే.

మోకాళ్ళ మీద కూచుని రేకు విప్పాను. విప్పుతూ ఆ తాళం చేసినవాణ్ణీ బిగించినవాణ్ణీ కొన్నవాణ్ణీ వరసగా తిట్టాను. లోపల్నుంచి అత్త గొంతు వినపడింది, కన్నానికి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టుంది.

"ఆ రెండో తిట్టు మీ నాన్న కూడా తిట్టేవాడు."

"అత్తా, ఎప్పట్నించి ఉన్నావు లోపల?"

"కోడి కూసినప్పట్నించి. ఇంకో గంట పోతే ఇదే నా పెట్టె. పెట్టె నువ్వు కొనక్కర్లేదులే, నాకు కొడుకున్నాడు. వాడు దానికి కూడా ఇలాంటి తాళమే పెడతాడు."

నవ్వలేదు. నాలో ఉన్నదంతా వచ్చేసింది. "ఆరోజు ఎందుకు నోరు మూసుకున్నావు? నాన్న నీ ముందే కదా అన్నాడు? అందరూ నిన్నే చూస్తుంటే నేల చూస్తావా? నేనేం పాపం చేశాను నీకు?"

కన్నంలోంచే జవాబొచ్చింది: "నన్నెవరు అడిగారే? చూశారు, అంతే. చూపుకి జవాబు చెప్పాలా? పక్కన కూచుని వాడు నా మోకాలు నొక్కుతున్నాడు, లేవనీకుండా. కన్నకొడుకు. నొక్కనిచ్చాను. నాది తప్పే."

నేను వేలితో తాళం లోపల తడిమాను. నాలుకని లాగే ముక్క పోతలోహంది, బిస్కట్టులా విరిగిపోయింది.

"నీ సీసా వచ్చింది కదా," అంది అత్త. "మర్నాడే మీ నాన్న తెచ్చాడు. 'అరబా పంపింది, సిగ్గుపడి రాలేదు' అన్నాడు. నేనూ క్వాన్సా తాగాం. చవకరకం. రెండ్రోజులు తలనొప్పి. అది కూడా చెప్తాను కూడికలో."

అదే విరిగిన ముక్కని మళ్ళీ మళ్ళీ తడిమాను.

ఎబో నూనె పట్టుకొచ్చాడు. ఆ తర్వాత గొడుగు ఊచ ఒకటి వంచి, సందులోంచి దూర్చి, నాలుకని వెనక్కి లాగాను. తలుపు తెరుచుకుంది. అత్త నా మొహం చూసింది. దిండు కిందినుంచి గుడ్డమూట తీసి చేతిలో పెట్టింది. ఆవిడ గది పాత తాళం. "చెత్తలో వేస్తుంటే లాక్కున్నాను. బాగుచేసి మళ్ళీ ఇదే పెట్టు. నా తలుపుకి నాకు తెలిసిన తాళం కావాలి."

ఎబో నూనె గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మార్చి 21

పరిగెత్తలేదు. ఫోన్ వచ్చాక కూచుని కెంకే తిన్నాను. చేప ముళ్ళు ఒక్కొక్కటే ఏరి తిన్నాను. చెయ్యి కడుక్కుని, గిన్నె కూడా కడిగి, అప్పుడు వెళ్ళాను. గంట పైనే పట్టింది. ఎనభై రెండేళ్ళ ఆడమనిషి గుక్కెడు నీళ్ళు లేకుండా లోపలుంటే నేను ముళ్ళు ఏరుకుంటూ కూచున్నాను.

రాయడం మొదలెట్టాను కాబట్టి ఇదీ రాస్తాను. సీసా పెట్టలేదు.

ఆరోజు నాన్న ఏమన్నాడో నాకు ఇంకా చెవుల్లో ఉంది. "ఈ కార్ఖానా అరబాది. దీనికి మొగుడు ఎలాగూ దొరకడు, తాళాలైనా ఉండనీ." క్వాన్సా పగలబడి నవ్వాడు. నేను అప్పటికి తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను, ఒక్క రోజు కూలి తీసుకోలేదు. దానం చేస్తున్నాడా నాకు? నేను సంపాదించుకున్నదాన్ని నాకే ఇచ్చి, పైగా దణ్ణం పెట్టమంటాడా? "నాకు రావాల్సింది నాకొచ్చింది, దానికి సీసా దేనికి?" అని మొహం మీదే అన్నాను. సాయంత్రం దాకా ఎదురుచూశాడు. గ్లాసులు కడిగి బల్ల మీద పెట్టుకున్నాడు. మూడు గ్లాసులు. నేను చూశాను, చూడనట్టు ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర కూచున్నాం. ఒక్కసారైనా అడగొచ్చు కదా? అడిగితే పెట్టేదాన్నేమో. ఏమో. పెట్టేదాన్ని కాదు.

మార్చి 23, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. అత్త తాళం విప్పాను.

రేకు లోపల గీతలే గీతలు. ఇంటిది కదా, ఊరికే చేసేవాడు. '1988 ఊరికే'. '1996 ఊరికే, తిట్లు'. '2003 పులుసు'. వాటి కింద, మేకుతో గట్టిగా అదిమి:

'9-8-2014. సీసా ఒకటి. అరబా ఇచ్చింది.'

అత్తకి అబద్ధం చెప్పాడు, సరే. క్వాన్సాకి చెప్పాడు, సరే. ఇక్కడెవరికి చెప్పాడు? ఈ రేకు విప్పేది నేను తప్ప ఇంకెవరు?

అబద్ధాలకోరు ముసలాడు.

స్ప్రింగు విరిగింది. పాత గడియారం స్ప్రింగు ముక్క కోసి పెట్టాను. ఆకురాయి లేక మూడు గంటలు పట్టింది. మూడు గంటలూ తిడుతూనే ఉన్నాను.

మార్చి 24

అత్త చెప్తుంది. క్వాన్సా లేడు. నేను నోరు మూసుకు కూచుంటే చాలు. ఆకురాళ్ళు, సొరుగులు, బల్ల, అన్నీ వస్తాయి. నోరు మూసుకోవడం అంత కష్టమా?

మార్చి 27

నోరు మూసుకుంటాను.

మార్చి 29, శనివారం

ఎదురింటి వాకిట్లో టెంటు. రెండువైపుల వాళ్ళూ వచ్చారు. అమ్మ, నేను, మా మేనమామలిద్దరు ఒక పక్క. వాళ్ళు ఇరవైమంది. ఆంపా తాత నేల మీద జిన్ను ధార పోసి పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచాడు, నాన్న పేరు కూడా కొత్తగా ఆ వరసలో చేరింది.

ముందు ఎబో లేచాడు. బాగా మాట్లాడాడు, కాదనను. నాన్న గొప్పవాడన్నాడు, కుటుంబాన్ని ఒక్కటిగా ఉంచాడన్నాడు. సొంత ఆస్తయినా చచ్చాక కుటుంబానిదే, ఇచ్చానన్నదానికి సీసా లేదు, అన్నాడు.

తాత అత్త వైపు తిరిగాడు. ఈసారి అడిగాడు. "ఎకువా, నువ్వు సాక్షివి. సీసా తాగావా?"

ఎబో కుర్చీ జరిపాడు. అత్త అరిచింది: "నా మోకాలు ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా!" టెంటంతా నవ్వింది. "తాగాను. నేనూ క్వాన్సా. మా అన్న తెచ్చి పెట్టాడు, అరబా పంపిందని. దరిద్రపు జిన్ను. నాకు గుర్తుండదా?"

అయిపోయింది. అక్కడితో అయిపోవాలి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాత తలూపుతున్నాడు.

అప్పుడు ఎబో అన్నాడు, నా వైపు చూడకుండానే: "మంచిది. మామయ్య కూతురు కనీసం కృతజ్ఞత తెలిసిన మనిషి, అదొక్కటే సంతోషం."

ఏం చెయ్యను? వాడు అలా అనకుండా ఉండాల్సింది. మెచ్చుకోకుండా ఉండాల్సింది. ఎలా లేచానో తెలియదు, సంచీలోంచి అత్త తాళం రేకు తీసి బల్ల మీద విసిరాను. అది మోగుతూ వెళ్ళి జిన్ను సీసాకి తగిలి ఆగింది.

"నేను పంపలేదు," అన్నాను. "ఒక్క చుక్క కూడా పంపలేదు. దణ్ణం పెట్టనని మొహం మీదే చెప్పాను. ఆయనే కొన్నాడు, ఆయనే తెచ్చాడు, నేనిచ్చానని దీని మీద గీసుకున్నాడు. ఆయన గీత మీకు తెలుసు, చదువుకోండి. కృతజ్ఞత లేదు నాకు. ఇరవై ఏళ్ళు చేసిన పని ఉంది. అది చాలకపోతే ఉంచుకోండి మీ కొట్టు!"

అమ్మ "అయ్యో అయ్యో" అంటూ మొహం కప్పుకుంది. ఎబో మొహంలో పండగ. "విన్నారుగా! విన్నారుగా!"

తాత రేకుని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చదివాడు. పక్కవాడికిచ్చాడు, వాడు పక్కవాడికి. చివరికి అత్త చేతికి వెళ్ళింది. ఆవిడ చదవలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ఆరోజే తెలుసు," అంది. "ఇది పంపుంటే మంచిరకం పంపేది. దీని పొగరు నాకు తెలియదా? మా అన్న పిసినారి, అందుకే చవకది కొన్నాడు."

"తెలిసీ ఎలా తాగావు?" ఎబో గొంతు కీచుమంది.

"మూత తీసి పెడితే తాగనా?"

తాత కర్ర నేలకి కొట్టాడు. "ఆపండి. ఎబో, చిన్నప్పుడు నువ్వు హౌసావాళ్ళ మేకని రాయి పెట్టి కొట్టావు. జరిమానా ఎవరు కట్టారు?"

"...మా నాన్న."

"నువ్వు కట్టావా?"

"నేను పిల్లాణ్ణి కదా తాతా."

"తప్పు నీది, కట్టింది తండ్రి. అయినా ఆ తప్పు తీరింది. మేకవాడు మళ్ళీ వచ్చి నిన్ను అడగలేదు. బిడ్డ పెట్టాల్సింది తండ్రి పెడితే పెట్టినట్టే. ఇది మన మాట. నేను కొత్తగా చెప్పట్లేదు." నా వైపు తిరిగాడు. "సీసా పడింది, సాక్షి తాగింది. కార్ఖానా నీది. నోరు మాత్రం మీ నాన్నది. కూచో."

కూచున్నాను. కోపంతోనే.

మార్చి 31, సోమవారం

ఎబో పొద్దున్నే తాళంచెవి తెచ్చిచ్చాడు. చెత్తబండివాడు ఊరికే వచ్చి వాడితో గొడవపడి వెళ్ళాడు. "నువ్వు నోరు మూసుకునుంటే నాకింత అవమానం ఉండేది కాదు," అన్నాడు ఎబో. అది నిజమే.

తెల్లరేకు తాళం పీకి పారేశాను. కార్ఖానా పాత తాళం అత్త ఇంటి మెట్ల కింద దొరికింది. తలుపు తొర్ర పెద్దదైపోయింది, ఒడుమ్ ముక్క కోసి అతికించి, ఆరబెట్టి, మళ్ళీ తొలవాలి. రెండ్రోజుల పని. ఈ రెండ్రోజులూ తలుపుకి అడ్డంగా బల్ల పెట్టుకుని కూచుంటాను.

మధ్యాహ్నం బజారుకెళ్ళి జిన్ను కొన్నాను. మంచిరకం. సాయంత్రం అత్తని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి తెచ్చాను. నాన్న సొరుగులో ఆ మూడు గ్లాసులు ఉన్నాయి. కడిగాను. ఒకటి అత్తకి, ఒకటి నాకు. మూడోది గడప మీద పోశాను. పోస్తూ చెడ తిట్టాను. మొగుడు దొరకడన్నందుకు తిట్టాను, పదకొండేళ్ళు అడగనందుకు తిట్టాను, చవకరకం కొన్నందుకు తిట్టాను. అత్త మధ్యమధ్యలో ఊ కొట్టి, నేను మర్చిపోయినవి గుర్తుచేసింది.

తర్వాత ఆవిడ వెంట తెచ్చిన తన తాళం రేకు బల్ల మీద పెట్టి, మేకు తీసుకుని, ఆయన గీత కింద గీశాను.

'31-3-2025. సీసా ఒకటి. అరబా ఇచ్చింది.'